ఓటెయ్యని ఊరని మమ్మల్ని అనే ముందు: విశాఖ ఓటర్ల జాబితా చూసే అధికారులకు, పార్టీల నగర నాయకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను రిటైర్డ్ స్కూల్ టీచర్ని. మర్రిపాలెంలో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను. సర్వీసులో ఉండగా ఎన్ని ఎన్నికల డ్యూటీలు చేశానో లెక్క పెట్టుకోలేదు గానీ, వేలికి సిరా పూసే కుర్చీ నుంచి ప్రిసైడింగ్ ఆఫీసర్ కుర్చీ దాకా అన్నిట్లోనూ కూర్చున్నాను. మా వీధి ఓటర్ల జాబితాలో తప్పుల గురించి ఒక కార్యాలయంలో మూడు అర్జీలు ఇచ్చాను. మొదటి దానికి రసీదు ఇచ్చారు. రెండో దానికి "మళ్లీ రండి మాస్టారూ" అన్నారు. మూడో దానికి ఆ మాట కూడా లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా మీద ఉన్న నింద సంగతి. 2024 మే 13న జరిగిన ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగ్ నమోదైంది. లోక్‌సభ స్థానాల్లో ఒంగోలు 87.06 శాతంతో పైన ఉంటే, అన్నిటికన్నా అడుగున విశాఖపట్నం, 71.11 శాతంతో. ఇందులో ఎస్.కోట లాంటి పల్లె నియోజకవర్గం కూడా కలిసి ఉంది. నగరం వరకే చూస్తే ఇంకా తక్కువ. ఆ అంకె బయటకు రాగానే మొదలుపెట్టారు. చదువుకున్నోళ్లు ఓటెయ్యరని, వరసగా సెలవులొస్తే అరకు పోతారని, బీచ్‌లో కూర్చుంటారని. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటెయ్యలేదన్నది వేరే సంగతి. పక్కవాడికి నలభై ఎనిమిది వచ్చాయని మనకొచ్చిన డెబ్భై ఒకటిని గొప్ప చేసుకోకూడదని పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి.

నా ఫిర్యాదు వేరు. ఆ 71 శాతం జాబితాలో ఉన్న పేర్లకు కట్టిన లెక్క. ఊళ్లో ఉన్న మనుషులకు కట్టింది కాదు. విశాఖలో ఈ రెండూ ఏనాడో విడిపోయాయి. జాబితాలో ఉన్నవాళ్లు చాలామంది ఊళ్లో లేరు. ఊళ్లో ఉన్నవాళ్లు చాలామంది జాబితాలో లేరు. ఈ తేడా అందరికీ సమానంగా తగలడం లేదు. ఎవరికి తగులుతోందో, దానివల్ల ఏం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. పోలింగ్ రోజు సాయంత్రం నాలుగు దాటాక బూత్‌లో కాస్త తీరిక దొరుకుతుంది. మార్క్‌డ్ కాపీ (ఓటేసినవాళ్ల పేర్ల కింద గీత గీసే జాబితా) తిరగేస్తే గీత పడని పేర్లు కనిపిస్తాయి. పక్కనే కూర్చున్న పార్టీల ఏజెంట్లను అడిగితే గడగడా చెప్పేస్తారు. "ఈయన పోయారు మాస్టారూ. ఈ అమ్మాయికి పెళ్లయి అనకాపల్లి వెళ్లిపోయింది. ఈ నలుగురూ మధురవాడలో ఫ్లాట్ కొనుక్కున్నారు." మూడు పార్టీల ఏజెంట్లూ గొడవ పడకుండా ఒకే మాట మీద ఉండేది రోజు మొత్తంలో ఆ అరగంటే. వాళ్లకు తెలిసినది జాబితా తయారుచేసేవారికి ఎందుకు తెలియదు? వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు, ఇంట్లో లేనివాళ్లు అని ఏఎస్‌డీ లిస్టు ఒకటి ఎన్నికల ముందు తయారుచేసి మా చేతికి ఇస్తారు కూడా. అంటే తెలుసు. తెలిసీ అసలు జాబితాలో ఆ పేర్లు అలాగే ఉంటాయి, శాతం లెక్కలో ఓటెయ్యని బద్ధకస్తుల కింద చేరతాయి. మా అమ్మ 2017లో పోయింది. 2024లోనూ ఆవిడ పేరు మీద ఓటరు స్లిప్పు మా ఇంటికొచ్చింది. ఆ 29 శాతం బద్ధకస్తుల్లో మా అమ్మ కూడా ఉంది.

ఇక రెండు చోట్ల ఓటు ఉన్నవాళ్లు. విశాఖ సగం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లతో నిండిన ఊరు. తాటిచెట్లపాలెం, కంచరపాలెం వైపు పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలను అడగండి. మా ఇంటి ఎదురుగా అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇటుకలు మోసిన ఒకావిడను అడిగాను. "మా ఊర్లో ఉంది బాబూ, ఇక్కడేటి ఓటు?" అంది. పండక్కీ ఓటుకీ ఊరెళ్లడం వాళ్లకు అలవాటు. పోలింగ్ ముందు రెండు రోజులు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం, పలాస బస్సుల దగ్గర జనాన్ని చూసినవాళ్లెవరూ ఈ ఊరి జనానికి ఓటంటే లెక్కలేదని అనలేరు. వాళ్లలో కొందరికి ఏదో ఒక పార్టీ మనిషి ఇక్కడా ఫారం-6 (కొత్తగా పేరు చేర్చమనే దరఖాస్తు) పెట్టించాడు. అలా ఒక మనిషి, రెండు పేర్లు అయ్యాయి. ఊళ్లో ఓటేస్తే ఇక్కడ గైర్హాజరు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950 ప్రకారం ఒకే మనిషి పేరు రెండు చోట్ల ఉండకూడదు, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు. ఆ సంగతి ఆ ఇటుకల మనిషికి ఎవరు చెప్పారు? ఫారం రాయించినవాడు మాత్రం చెప్పలేదు.

2. జాలరిపేట, ఫిషింగ్ హార్బర్ సంగతి విడిగా రాయాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 2019లో మనకు పోలింగ్ ఏప్రిల్ 11న పెట్టారు. నిషేధానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు! రెండు నెలలు చేతిలో పని ఉండదని తెలిసినవాడు ఆఖరి వేట వదులుకుని ఒడ్డున కూర్చుంటాడా? పెద్ద బోట్లు ఒకసారి వెళ్తే పది, పదిహేను రోజులు సముద్రం మీదే. 2024లో మే 13 కాబట్టి ఇక్కడి బోట్లు ఒడ్డునే ఉన్నాయి. కానీ మన ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేసేవాళ్ల సంగతి? పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి. మే 13న వాళ్లు వేటలోనే ఉంటారు.

నౌకాదళంలో పనిచేసేవారికి సర్వీస్ ఓటు ఉంది, బ్యాలెట్ కంప్యూటర్‌లోనే పంపుతారు. మంచిదే, ఉండాలి కూడా. అదే సముద్రం మీద అదే రోజున వల లాగుతున్నవాడికి ఏమీ లేదు. పైగా ఎన్నికలయ్యాక ఆ పేట నుంచి పోలింగ్ తగ్గిందని, ఫలానా పార్టీ మీద మత్స్యకారులకు కోపం వచ్చిందని విశ్లేషణలు రాస్తారు. కోపం ఉందో లేదో నాకు తెలియదు. తేదీలు పెట్టినవారు క్యాలెండర్ చూడలేదని మాత్రం తెలుసు.

3. అద్దెకున్నవాళ్లు. వీళ్ల కష్టం ఇళ్ల యజమానులుగా మన చేతుల మీదుగా జరిగేదే. అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించేవాళ్లు ఎంతమంది? కరెంటు బిల్లు మన పేరు మీద, గ్యాస్ పాత అడ్రస్‌లో, ఆధార్ వాళ్ల సొంతూరిది. ఏ కాగితం చూపించి ఓటు మార్చుకుంటారు? ఏ ఆధారమూ లేకపోతే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) స్వయంగా వచ్చి చూసి రాసుకోవాలని ఫారం-6లోనే ఉంది. ఆ మాట పట్టుకుని వెళ్లిన మా పక్కింటి కుర్రాణ్ణి, ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద పనిచేస్తాడు, మూడు సార్లు తిప్పారు. మూడు రోజుల జీతం పోయాక నాలుగోసారి వెళ్లలేదు. బీఎల్‌ఓ అమ్మాయిని కూడా నేను తప్పు పట్టను. సచివాలయం పని, సర్వేలు, పైనుంచి రోజుకొక యాప్, వీటి మధ్యలో వెయ్యి పైచిలుకు ఓటర్లు. ఒక మనిషి ఎన్ని గుమ్మాలు ఎక్కుతుంది?

ఇదే విశాఖ నెల్లూరు నుంచి వచ్చిన సుబ్బరామిరెడ్డి గారిని 1996, 1998లో ఎంపీని చేసింది. అదే నెల్లూరు జిల్లా వారైన నేదురుమల్లి జనార్దనరెడ్డి గారిని 2004లో గెలిపించింది. బయట నుంచి వచ్చి పోటీ చేసేవారికి ఈ ఊళ్లో చోటుంది. బయట నుంచి వచ్చి పదేళ్లుగా పనిచేసుకుంటున్నవాడికి ఓటు వేయడానికి చోటు లేదు. ఎవరినైనా తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చి గాజువాక, పరవాడ వైపు పనిచేస్తున్నవాళ్ల సంగతైతే నేను అడగడానికే భయపడుతున్నాను.

4. కొండవాలు కాలనీలు. 2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటిన నగరాలన్నిటిలో మురికివాడల్లో ఉండే కుటుంబాల శాతం ఎక్కువగా ఉన్నది మన గ్రేటర్ విశాఖలోనే, 44.1 శాతం. ఇందులో చాలా భాగం కొండల మీద, గెడ్డల (వాగుల) పక్కన. బూత్ ఎప్పుడూ కిందనే. ఇంటి నుంచి ఓటేసే సౌకర్యం 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం పైగా అంగవైకల్యం ఉన్నవాళ్లకు. డెబ్భై ఏళ్లొచ్చి మోకాళ్లు అరిగిపోయినవాళ్లు మే నెల ఎండలో ఆ మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. అయినా దిగుతారు. డ్యూటీ చేసిన అనుభవంతో చెబుతున్నాను, పొద్దున్నే ఆరున్నరకు లైన్లో ముందు ఉండేది వాళ్లే. ఏసీ కార్లు పదిన్నరకు వస్తాయి, లైను పొడుగ్గా ఉంటే కొన్ని తిరిగి వెళ్లిపోతాయి. సీతమ్మధారలోనూ ఎంవీపీ కాలనీలోనూ బద్ధకం అసలు లేదని నేనూ అనను. ఉంది. దాని గురించి చాలామంది ఇప్పటికే రాశారు, నేను వదిలేస్తున్నాను.

5. ఇది పార్టీలవారికి. ఎన్నికలు వస్తే చాలు, ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వస్తాడు. మొదటి ప్రశ్న కులం. కాపులెందరు, యాదవులెందరు, వెలమలు, గవర్లు, నగరాల కులస్తులు, మత్స్యకారులు, ముస్లింలు ఎందరు అని వార్డుకొక పట్టిక వేసుకుని టికెట్లు ఇస్తారు. ఆ అంకెలు మీకు ఎక్కడివి? అన్ని కులాల లెక్క జనగణనలో చివరిసారి అచ్చయింది 1931లో. మామూలు జనాభా లెక్కే 2011 తర్వాత లేదు, మళ్లీ 2027లో అంటున్నారు. మధురవాడ, పెందుర్తి వైపు 2011లో తోటలూ పొలాలూ ఉన్న చోట ఇప్పుడు టవర్లున్నాయి. మీ పట్టిక పాత ఓటర్ల జాబితాలో ఇంటిపేర్లు చూసి వేసిన అంచనా. ఆ జాబితా సంగతి పైన చెప్పాను.

సరే, అంచనా నిజమే అనుకుందాం. గాజువాకను చూడండి. 2009లో ఆ నియోజకవర్గం కొత్తగా ఏర్పడినప్పుడు ప్రజారాజ్యం గెలిచింది. 2014లో తెలుగుదేశం. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, అదీ స్వయంగా పవన్ కల్యాణ్ గారు పోటీ చేసిన చోట. 2024లో మళ్లీ తెలుగుదేశం, 95,235 ఓట్ల తేడాతో, రాష్ట్రంలోనే పెద్ద మెజారిటీ. పదిహేనేళ్లలో అక్కడి కులాలు మూడు సార్లు మారిపోలేదు కదా? మారింది ఉక్కు కర్మాగారం పరిస్థితి. 2021 జనవరిలో ప్రైవేటీకరణకు కేంద్ర మంత్రివర్గ కమిటీ ఆమోదం ఇచ్చాక అక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకటే టెన్షన్. భూములిచ్చి ఆర్-కార్డు (నిర్వాసితుల కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం ముసలివాళ్లైపోయిన నిర్వాసితులు అగనంపూడి కాలనీల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల ఓటును ఏ గడిలో వేస్తారు?

2019నే తీసుకోండి. రాష్ట్రంలో 151 సీట్లు వైఎస్సార్ కాంగ్రెస్‌కు వస్తే నగరంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ తెలుగుదేశానికి వెళ్లాయి. అదే రోజు పక్క మిషన్‌లో వేసిన ఎంపీ ఓటుతో వైఎస్సార్ కాంగ్రెస్ 4,414 ఓట్లతో బయటపడింది. మూడో స్థానంలో ఉన్న జనసేన అభ్యర్థి లక్ష్మీనారాయణ గారికి 2.88 లక్షలు వచ్చాయి. ఒకే మనిషి రెండు మిషన్ల దగ్గర రెండు రకాలుగా ఆలోచించాడు. అలా ఆలోచించే ఊరిని కులాల గడుల్లో పెట్టి చూస్తే ఏం దొరుకుతుంది? మీకు దొరికేది ఒకటే, ఎవరి పేర్లు చేర్పించాలో, ఎవరివి తీసేయించాలో. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో ఫారం-7లు లక్షల్లో పడ్డాయి. తమ పేరు తీసేయమని ఎవరో దరఖాస్తు పెట్టిన సంగతి చాలామందికి తర్వాత తెలిసింది. ఆ పాపంలో ఎవరి వాటా ఎంతో మీలో మీరే తేల్చుకోండి.

6. ఇంత జరిగినా పోయేదేముంది అంటారా? 2024లో విశాఖ ఎంపీ స్థానంలో గెలిచినవారి మెజారిటీ 5.04 లక్షలు. ఓటు పడని పేర్లు కూడా అయిదు లక్షలకు పైనే. గెలుపు మీద నాకు సందేహం లేదు. కానీ ఆ అయిదు లక్షల్లో పోయినవారెందరు, వెళ్లిపోయినవారెందరు, ఉండి రాలేనివారెందరు అన్నది ఎవరూ చెప్పలేని పరిస్థితి మంచిదేనా?

అసలు దెబ్బ వార్డు స్థాయిలో తగులుతుంది. కార్పొరేషన్ ఎన్నికలకు వార్డు జాబితాలు అసెంబ్లీ జాబితా నుంచే విడగొడతారు. అక్కడి తప్పు ఇక్కడికీ వస్తుంది. 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 దాకా తొమ్మిదేళ్లు విశాఖకు కార్పొరేటరే లేడు. కుళాయి రాకపోతే ఎవరి గుమ్మం తొక్కాలో తెలియక తిరిగాం. 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలు జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్‌కు 58, తెలుగుదేశానికి 30 వచ్చాయి. జనసేనకు మూడు, బీజేపీ, సీపీఐ, సీపీఎంలకు తలా ఒకటి, మిగిలిన నాలుగూ స్వతంత్రులు. వార్డు ఎన్నికలో కొన్ని వందల ఓట్లే గెలుపోటములు తేలుస్తాయి. గెడ్డ పక్కన రెండు వందల గుడిసెల్లో ఓట్లు లేకపోతే అక్కడికి ఏ అభ్యర్థీ రాడు. రానివాడికి ఆ గెడ్డ పూడిపోయిందని తెలియదు. వాన పడిన రాత్రి నీళ్లు ఎవరి ఇంట్లోకి వస్తాయో చెప్పక్కర్లేదు. మా వీధి చివర ఉన్న కాలవ సిమెంటు వేశారు, సరిగ్గా ఓట్లున్న ఇళ్ల దాకా. ఆ తర్వాత మట్టే.

మేం అడుగుతున్నవి ఇవి.

అ) ఏఎస్‌డీ లిస్టులో ఉన్న పేర్ల మీద ఎన్నికలు అయిపోయాక విచారణ చేసి అసలు జాబితాను సరిచేయండి. చేసే ముందు తీసేయబోయే ప్రతి పేరునూ కారణంతో సహా వార్డు సచివాలయం గోడ మీద అంటించండి. బిహార్‌లో 2025లో ఇంటింటి సవరణ చేసినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లను కారణాలతో బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కోర్టు దాకా వెళ్లనివ్వకండి. జాబితా శుభ్రం చేయమంటే అద్దె ఇళ్లవాళ్లనూ గుడిసెలవాళ్లనూ ఊడ్చేయమని కాదు మా అర్థం.

ఆ) రెండు చోట్ల పేర్లున్నవారికి ముందు నోటీసు ఇచ్చి, ఎక్కడ ఉంచుకుంటారో వాళ్లనే అడగండి. కేసులంటూ భయపెట్టకండి.

ఇ) ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ కొత్త ఓటుకు 18 ఏళ్లు నిండాయా అని చూసే అర్హత తేదీలే. ఆ నాలుగు సార్లూ అడ్డాల దగ్గర, హార్బర్‌లో, ఆటోనగర్‌లో, యూనివర్సిటీ హాస్టళ్లలో ఆదివారం ఉదయం క్యాంపు పెట్టండి. పనిరోజు పదకొండు గంటలకు పెట్టే క్యాంపుకు నాలాంటి రిటైరైనవాళ్లే వస్తారు.

ఈ) పోలింగ్ తేదీ ప్రతిపాదనలు పైకి పంపేటప్పుడు వేట నిషేధం తేదీలు జతచేయండి. వేటలో ఉండే మత్స్యకారులకు పోస్టల్ బ్యాలెట్ ఇవ్వాలని జిల్లా నుంచి ఎన్నికల సంఘానికి రాయండి. మీ చేతిలో లేదని తెలుసు. రాయడం మీ చేతిలోనే ఉంది.

ఉ) కొండ మీది కాలనీల్లో పైనే ఒక బూత్ పెట్టండి. అంగన్‌వాడీ గది చాలు. బూత్‌కు 1,200 మంది ఓటర్లకు మించకూడదని ఎన్నికల సంఘం 2025లో చెప్పింది కాబట్టి కొత్త బూత్‌లు ఎలాగూ వస్తాయి. అవి కొండ మీదికి రానివ్వండి.

ఊ) పార్టీలవారు బూత్ ఏజెంట్లను పోలింగ్ రోజున కాకుండా ముసాయిదా జాబితా వచ్చిన రోజున కూర్చోబెట్టాలి. సాయంత్రం నాలుగింటికి మాకు చెప్పే కబుర్లు అప్పుడు బీఎల్‌ఓకి చెబితే సగం పని అయిపోతుంది.

2021లో ఎన్నికైన పాలకవర్గానికి అయిదేళ్ల గడువు 2026 మార్చి. మళ్లీ వార్డు ఎన్నికలకు ముందే ఈ పని జరగాలి. మా వీధి వరకు ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారో, ఎవరు లేరో, ఎవరి పేరు ఎక్కాలో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాం. ఎదురింటి మెకానిక్, మూడో ఇంటి నర్సమ్మ, నేను, ముగ్గురం సంతకాలు పెట్టాం. వచ్చే సోమవారం నాలుగో అర్జీతో పాటు దాని జిరాక్స్ తెచ్చి ఇస్తాను. ఈసారి జవాబు కాగితం మీద ఇవ్వండి. మా అమ్మ పేరు మీద వచ్చిన స్లిప్పు జిరాక్స్ కూడా జతచేస్తున్నాను. అసలుది అడక్కండి, అది ఆవిడ ఫొటో వెనకాల పెట్టుకున్నాను.

ఇట్లు,
మర్రిపాలెం నుంచి ఒక రిటైర్డ్ టీచర్